పదిహేడు శాతం కోసం

వరి కోత మిషన్ గంటకు అటూఇటూగా ఎకరం కోస్తుంది. ఎకరానికి పాతిక క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే, గంట తిరిగేసరికి రెండున్నర టన్నుల పచ్చి వడ్లు ట్రాక్టర్ ట్రక్కులో పడతాయి. వాటిలో తేమ 20 నుంచి 26 శాతం దాకా ఉంటుంది. మద్దతు ధరకు ప్రభుత్వం కొనాలంటే 17 దాటకూడదు. నెలల తరబడి నిల్వ ఉండాలంటే 14కు దిగాలి, ఏడాది దాకా అంటే 13కు. ఈ మధ్యలో ఉన్న నీళ్లు తీయడానికి చిన్న రైతుకు ఇవాళ్టికీ దిక్కు ఎండ, అద్దె పరదా, తారు రోడ్డు.

పూర్వం ఇది విడిగా ఒక పని అనిపించేది కాదు. కొడవలితో కోసిన వరిని మళ్లోనే పనలు పనలుగా పరిచి నాలుగు రోజులు ఎండనిచ్చేవారు. కట్టలు కట్టి కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవారు. గింజ వెన్ను మీద ఉండగానే నిదానంగా ఆరిపోయేది. కళ్లంలో ఆరబెట్టడానికి పెద్దగా మిగిలేది కాదు. అదేదో స్వర్ణయుగమని కాదు. పనల మీద వాన పడితే వెన్నులోనే మొలకలొచ్చేవి, తుఫానుకు కుప్పలే కొట్టుకుపోయేవి. కోత మిషన్ వచ్చి కోత, నూర్పిడి, తూర్పారబట్టడం మూడూ ఒక్క గంటలో తేల్చేసింది. ఆరబెట్టడం ఒక్కటీ రైతు నెత్తిన వదిలేసింది. కూలీల కరువు చూసినవారెవరూ మిషన్‌ను తప్పుపట్టరు. దాని వెనకాలే రావలసిన రెండో యంత్రం రాకపోవడమే చిక్కు.

ఆ రెండో యంత్రం లోకంలో లేక కాదు. చవకైన డ్రయ్యర్ల మీద ఆసియా దేశాల్లో యాభై ఏళ్లుగా పని జరుగుతోంది. వెదురు తడకలతో చేసినవి, రేకులతో చేసినవి, ఇటుకలతో కట్టినవి, ప్లాస్టిక్ సొరంగాలు, ఎన్నో ఉన్నాయి. ఒక్కోదాన్నీ చూస్తూ పోతే, తక్కువైంది సాంకేతికత కాదనీ, ఆరిన గింజకు విలువ కట్టే బేరమనీ నాకు అర్థమైంది. అయితే ముందు ఎండ సంగతి.

ఎండను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇంధనం ఖర్చు లేదు, యంత్రం చెడిపోదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే పద్ధతి ప్రకారం వడ్లను రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందానికి మించకుండా పరవాలి, అరగంటకోసారి తిరగదిప్పాలి, గింజ వేడి 50 డిగ్రీలు దాటితే కప్పేయాలి. చెప్పినంత తేలిక కాదు. మూడు సెంటీమీటర్ల మందాన ఐదు టన్నులు, అంటే రెండెకరాల పంట పరవాలంటే దాదాపు 340 చదరపు గజాల చదునైన నేల కావాలి. రెండెకరాల రైతుకు ఇంటి జాగాయే అంతుండదు. అందుకే రోడ్డు మీదికి రావడం. ఒక పక్క వడ్లు, చుట్టూ అడ్డంగా రాళ్లు, రాత్రి నల్ల పరదా; చీకట్లో బండి మీద వచ్చినవాడికి ఆ రాళ్లూ కనపడవు, ఆ పరదా కనపడదు. రోడ్ల మీద వడ్లు పోయవద్దని పోలీసులు ఏటా చెబుతారు. ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పరు.

చెప్పబోయిన సందర్భం ఒకటుంది. తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో పొలాల దగ్గర సిమెంటు కల్లాలు కట్టించారు. అవి పథకం పరిధిలోకి రావంటూ 2022లో కేంద్రం సుమారు 150 కోట్లు వెనక్కి కట్టమంది. తీరప్రాంతంలో చేపలు ఎండబెట్టే దిమ్మెలకు ఉన్న అనుమతి వడ్లకెందుకు లేదని రాష్ట్రం వాదించింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఈ వ్యాసంలో రాబోయే ఏ యంత్రం కన్నా ఆ సిమెంటు గచ్చు ఎక్కువ కాలం మన్నేది. దాని మీద పేచీ పడటం నాకు మింగుడుపడదు.

ఎండకు ఉన్న అసలు లోపం గింజ లోపల ఉంటుంది. వడ్లగింజ పైపొర ముందు ఆరుతుంది, నడిమి తేమ బయటికి రావడానికి వ్యవధి కావాలి. ఏప్రిల్ ఎండలో పైపొర గబగబా బిగుసుకుంటుంది. రాత్రి మంచుకో, చినుకుకో మళ్లీ తేమ పీల్చి ఉబ్బుతుంది. ఆ లాగులాటలో గింజకు అడ్డంగా కంటికి ఆనని చీలికలు పడతాయి. మరలో పట్టినప్పుడు అక్కడే విరిగి నూకలవుతుంది. తెలంగాణ యాసంగి వడ్లు పచ్చిబియ్యంగా పడితే నూక ఎక్కువని మిల్లర్లు మొత్తుకునే కారణాల్లో ఇదొకటి, అక్కడ ఉప్పుడుబియ్యం అలవాటు బలపడటానికీ ఇదొక కారణం. 2021-22లో ఉప్పుడుబియ్యం తీసుకోబోమని కేంద్రం, యాసంగిలో మరో దారి లేదని రాష్ట్రం ఢిల్లీ దాకా వెళ్లి తగువులాడుకున్నాయి. ఆ రాజకీయం వెనక గింజలో పడిన ఆ చీలిక కూడా ఉంది.

కోస్తాలో కథ వేరు. అక్కడ సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో, సరిగ్గా తుఫానుల వేళకు వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పంట, కోయని పంట, రాశి పోసిన ధాన్యం అన్నీ ఒకే వానలో తడిశాయి. అలాంటప్పుడు ఎండ గురించి మాట్లాడి లాభం లేదు. తడిసిన రాశి ఊపిరి పీలుస్తూ వేడెక్కుతుంది, గింజ పసుపు రంగుకు తిరుగుతుంది, మొలకొస్తుంది. రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపి 5 శాతం దాటితే మద్దతు ధరకు పనికిరావు. ఆ రెండు మూడు రోజులు గండం గడవడానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే చిట్కా ఒకటుంది: క్వింటా ధాన్యానికి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి రాశి పోయడం. చేలో పడిపోయి తడిసిన వెన్నుల మీదైతే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమంటారు. ఆరబెట్టే పద్ధతుల జాబితాల్లో దీన్ని ఎవరూ చేర్చరు గానీ, వాన రోజున రైతుకు నిజంగా అందుబాటులో ఉండేది ఇదొక్కటే.

ఇక యంత్రాలు. అన్నింటి వెనకా ఉన్న సూత్రం ఒకటే. గాలిలో తేమ 90 శాతం ఉన్న ముసురు రోజున ఎంత పెద్ద ఫ్యాను పెట్టి ఊదినా గింజ తేమ పదిహేడు, పద్దెనిమిది దగ్గరే ఆగిపోతుంది. అదే గాలిని ఓ పది డిగ్రీలు వేడి చేస్తే దాని తేమ శాతం సుమారు సగానికి పడిపోతుంది. అప్పుడది గింజలోని నీటిని లాగుతుంది. మరీ వేడి చేస్తే గింజ చీలుతుంది. విత్తనమైతే 43 డిగ్రీలు దాటితే మొలకశక్తి పోతుంది. కాబట్టి చవక డ్రయ్యర్ అంటే ఎక్కువ గాలి, కొద్దిపాటి వేడి. గాలికి ఫ్యాను, వేడికి పొయ్యి. తేడాలన్నీ వడ్లను దేనిలో పోస్తామన్న దగ్గరే వస్తాయి.

అన్నింటిలోకీ చవకైనది వియత్నాంలో హో చి మిన్ నగరంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 1990ల మధ్యలో తయారుచేసింది. ఒకదానిలో ఒకటి నిలబెట్టిన రెండు వెదురు చాప గుమ్ములు. ఆ రెంటి మధ్య ఖాళీలో టన్ను వడ్లు, నడుమ ఒక చిన్న ఫ్యాను, కిలోవాటు కరెంటు హీటరు. రెండు మూడు రోజులు నిదానంగా ఊదుతుంది. ఊళ్లో మేదరి అల్లగలిగిన యంత్రం. అదే ఆలోచనను బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అందిపుచ్చుకుని, వెదురు బదులు చిల్లుల జీఐ రేకు, హీటరు బదులు ఊక దిమ్మెల పొయ్యి, పెద్ద బ్లోయరు పెట్టింది. అది 500 కిలోలను మూడు నుంచి ఐదు గంటల్లో ఆరబెడుతుంది; విడదీసి రిక్షా బండిలో వేసుకుని ఇంటింటికీ తిప్పొచ్చు. ఇంటి గింజలకు, విత్తనాలకు, అర ఎకరం ముక్కలున్న చోట ఇది చక్కటి యంత్రం.

ప్లాస్టిక్ సొరంగం మరో దారి. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, ఒక ప్లాస్టిక్ సంచుల కంపెనీ కలిసి చేశాయి. పాతిక మీటర్ల పొడవున్న పెద్ద సంచిలో వడ్లు పరిచి, సౌర ఫలకంతో తిరిగే ఫ్యాన్లతో ఊదితే అది గాలితో నిండి గుడారంలా లేస్తుంది. లోపల ఎండ వేడి నిలుస్తుంది, వాన లోపలికి రాదు, కోడీ మేకా ముట్టవు. పట్టేది టన్ను. మబ్బు పడితే నెమ్మదిస్తుంది. నా లెక్కలో ఇది డ్రయ్యర్ కన్నా మెరుగైన పరదా. ఆ దృష్టితో చూస్తే బాగుంది, కోత మిషన్‌కు జోడీగా చూస్తే చాలదు.

పళ్లెం డ్రయ్యర్ కథ పెద్దది. ఫిలిప్పీన్స్‌లో 1970లలో రూపుదిద్దుకుంది: ఇటుకలతో కట్టిన తొట్టి, మధ్యలో చిల్లుల రేకు, కింద వేడిగాలి, పైన అడుగు మందాన వడ్లు. కింది వరస ముందు ఎండిపోతుంది, పైవరస పచ్చిగా ఉంటుంది, మధ్యలో పారలతో కలపాలి. ఆ దుమ్ములో, ఆ వేడిలో పార పట్టే మనిషి దొరకడు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం వీటిని విరివిగా పంచింది. చాలాచోట్ల అవి వాడకం లేక మూలన పడ్డాయి. రైతులు మళ్లీ రోడ్లకు, బాస్కెట్‌బాల్ కోర్టులకు వెళ్లారు. అదే తొట్టి వియత్నాంలో మెకాంగ్ డెల్టాకు చేరింది. 1980ల మొదట్లో సొక్ ట్రాంగ్ ప్రాంతంలో మొదలై వేల సంఖ్యకు పెరిగింది. నాలుగు టన్నులు, ఎనిమిది టన్నులు పట్టేవి కట్టారు, ఊక పొయ్యి పెట్టారు, తర్వాత గాలిని ఒకసారి కింది నుంచి, ఒకసారి పై నుంచి తిప్పే ఏర్పాటు చేసి పార పనే తీసేశారు. యంత్రం ఒకటే అయినా ఒకచోట తుప్పు పట్టింది, ఒకచోట నిలిచింది. మెకాంగ్‌లో వాటిని ప్రభుత్వం పంచలేదు. ఊళ్లో ఒకడు కట్టుకుని కిలోకింతని తీసుకుని ఆరబెట్టిపెట్టాడు. వానాకాలపు కోత, ఎగుమతి బేరం, ఊక చేతికందేంత దగ్గరలో మిల్లు, ఈ మూడూ అతనికి గిరాకీ ఇచ్చాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఇప్పుడు మెకాంగ్ రైతుల్లో చాలామంది అసలు ఆరబెట్టరు. మిషన్ కోసిన పచ్చి వడ్లను గట్టు మీదే వ్యాపారికి అమ్మేస్తారు. పడవల్లో మిల్లుకు చేరి అక్కడి పెద్ద డ్రయ్యర్లలో ఆరతాయి. చిన్న రైతుకు చిన్న డ్రయ్యర్ అన్న ఆలోచన పుట్టి పెరిగిన చోటే, ఆ పని చివరికి రైతు చేతుల్లోంచి వెళ్లిపోయింది.

మన దగ్గర కూడా ఈ లెక్క వేసి చూడాలి. ఐదు వందల ఎకరాల వరి ఉన్న ఊళ్లో కోతలు పది రోజుల్లో అయిపోతాయనుకుందాం. రోజుకు 125 టన్నులు. బంగ్లాదేశ్ గుమ్ములు రోజుకు మూడు విడతలు నడిపినా ఎనభై పైన కావాలి. నాలుగు టన్నుల పళ్లేలు రెండు విడతలకైనా పదిహేను పైనే. పది టన్నులు పట్టి, గింజను పైకీ కిందికీ తిప్పుతూ మధ్యమధ్య విశ్రాంతినిస్తూ చీలిక లేకుండా ఆరబెట్టే తిరుగుడు డ్రయ్యర్లయితే ఆరో ఏడో సరిపోతాయి, కానీ ఒక్కోటి లక్షల్లో ఉంటుంది, ఏడాదికి నలభై రోజులకు మించి పని ఉండదు. రైతు సొంతంగా కొనే మాటే లేదు. సహకార సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో కొనాలి. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద వాటికి రెండు కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. డబ్బు దొరకని కాలమేమీ కాదిది.

ఇంధనం సంగతి చూస్తే మరో ముడి బయటపడుతుంది. టన్ను వడ్లను 24 శాతం నుంచి 17కు దించడమంటే 84 కిలోల నీళ్లు ఆవిరి చేయడం. డీజిల్‌తో చేస్తే పన్నెండు లీటర్ల దాకా పడుతుంది, క్వింటాకు నూట పది రూపాయల పైన. ఊకతో చేస్తే పొయ్యి నష్టాలు కలుపుకుని యాభై కిలోలు చాలు. ఆ టన్ను వడ్లలోనే రెండు వందల కిలోల ఊక ఉంది. తన నీళ్లను తానే ఆర్చుకోగల పంట ఇది. కానీ ఆ ఊక మిల్లు దగ్గర ఉంటుంది, ఊళ్లో ఉండదు. మిల్లరు దాన్ని బాయిలరుకు వాడుకుంటాడు, మిగిలింది ఇటుక బట్టీకి అమ్ముకుంటాడు. డీజిల్ డ్రయ్యర్లు తెచ్చి పెట్టిన చోట మొదటి ఎండ రోజునే వాటిని ఆపేయడానికి కారణం ఇదే.

ఇప్పుడు కొనుగోలు కేంద్రానికి వెళ్దాం. ఐకేపీ సెంటర్లో రాశిలోంచి దోసెడు వడ్లు తీసి మాయిశ్చర్ మిషన్ గిన్నెలో పోసి మీట నొక్కుతారు. సాయంత్రం ఎండ వేడి మీద 16.8 చూపించిన రాశి పొద్దున 18 చూపిస్తుంది. రైతు మిషన్ దొంగదంటాడు. నిజానికి రెండూ నిజమే కావచ్చు: పైపొర ఆరి ఉన్నప్పుడు ఒక అంకె, రాత్రంతా నడిమి తేమ పైకి వచ్చి సర్దుకున్నాక మరో అంకె. వేడి గింజ మీద మీటరు సరిగ్గా చదవదు కూడా, చల్లారాక చూడాలి. ఈ ముక్క విడమరిచి చెప్పేవారు లేక రోజూ సెంటర్లో గొడవ. ఇంటి దగ్గర చూసుకోవడానికి మంచి ఉపాయం ఉంది: గాజు సీసాలో పొడి ఉప్పు, దానికి రెండు మూడింతల వడ్లు వేసి ఊపి కాసేపు ఉంచితే, ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ పదిహేను పైన ఉన్నట్టు. అయితే సెంటర్లో ఆడే లెక్క మిషన్‌దే, సీసాది కాదు. తేమ సరిపోయి కాంటా అయ్యాక కూడా లారీ రాక, సంచులు రాక, హమాలీలు దొరక్క రాశి అక్కడే పడి ఉంటుంది. ఆ ఎదురుచూపులో వాన పడితే ఆరిన వడ్లు మళ్లీ తడుస్తాయి. మిల్లు దగ్గర తరుగు పేరుతో బస్తాకింతని కోసినా రైతు నోరెత్తలేడు. కేరళ కుట్టనాడులోనూ ఇదే తగువు, పేరే వేరు.

ఉప్పుడుబియ్యం పట్టే మిల్లులో తర్వాతి పని ఏమిటో చూడండి. రోడ్డు మీద నాలుగు రోజులు ఆడవాళ్లు కాళ్లతో సాళ్లు తీసి 17కు దించిన వడ్లను అక్కడ తొట్టెల్లో నీళ్లు పోసి నానబెడతారు. తేమ ముప్ఫై దాకా ఎక్కుతుంది. తర్వాత ఆవిరి పట్టి, మిల్లు సొంత ఊకతో, సొంత డ్రయ్యర్లో పద్నాలుగుకు ఆరబెడతారు. అంటే యాసంగిలో రైతు పడే పాటు మిల్లుకు అవసరమైంది కాదు. వరస కట్టి ఆగడానికి అవసరమైంది. కోసిన రోజే మిల్లు తొట్టెకు చేరే వడ్లకు రోడ్డు అక్కర్లేదు. పంటలో కొంత భాగానికైనా, మిల్లు పరిధిలోని ఊళ్లకు రోజుల వారీగా కోత వంతులు కట్టి పచ్చి వడ్లు నేరుగా దించుకోవడం డ్రయ్యర్ కొనడం కన్నా చవక. పంజాబ్ జిల్లాల్లో రాత్రిపూట, తెల్లవారుజామున కోత మిషన్లు నడపకూడదని ఉత్తర్వులిస్తారు. మంచు పట్టిన వడ్లు మండీకి రాకుండా. పైసా ఖర్చు లేని డ్రయ్యర్ అది. మన దగ్గర మిషన్ ఎప్పుడు దొరికితే అప్పుడే కోత. వంతు వచ్చిన రైతు రాత్రి పన్నెండైనా కాదనలేడు.

పచ్చిబియ్యానికి, సన్నాలకు, విత్తనానికి ఈ దారి కుదరదు. అక్కడ గింజ విరగకుండా మెల్లగా ఆరాలి. అక్కడే డ్రయ్యర్‌కు నిజమైన పని ఉంది. తెలంగాణ సన్నవడ్లకు 2024 వానాకాలం నుంచి క్వింటాకు 500 బోనస్ ఇస్తోంది, కానీ అది రకానికి ఇచ్చేది, గింజ ఎంత నిబ్బరంగా ఉందన్నదానికి కాదు. గింజ విరగని వడ్లకు మిల్లరు ఎక్కువ ఇస్తే ఆ తేడాలో డ్రయ్యర్ అద్దె ఇమిడిపోతుంది. ఇవ్వడు, ఎందుకంటే రాశిలో ఎవరి వడ్లు ఎవరివో కలిసిపోతాయి.

మద్దతు ధరలోనూ ఇదే లోపం. 2025-26లో సాధారణ రకం క్వింటా 2,369 రూపాయలు, 17 శాతం దాకా ఒకటే రేటు. 17 దగ్గర ఉన్న క్వింటాను రైతు కష్టపడి 14కు దించితే అది తొంభై ఆరున్నర కిలోలవుతుంది. మూడున్నర కిలోల నీళ్లు పోతాయి, వాటితో పాటే 83 రూపాయలూ పోతాయి. బాగా ఆరబెట్టినవాడికి జరిమానా. ఆరబెట్టే ఖర్చు అదనం. ఇలాంటి బేరంలో డ్రయ్యర్‌కు ఎంత రాయితీ ఇచ్చినా రైతు 17 దగ్గరే ఆగుతాడు, ఆగడమే తెలివి కూడా. ఫిలిప్పీన్స్‌లో తొట్లు మూలపడ్డ కారణాల్లో ఇదీ ఒకటి: ఆరిన వడ్లకూ పచ్చి వడ్లకూ ధరలో తేడా ఆరబెట్టే ఖర్చును పూడ్చలేదు.

దీనికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు, ధరల పట్టిక చాలు. ఆ రేటును 17 శాతానికి ఖరారు చేసి, గింజలోని పొడి పదార్థం లెక్కన పైకీ కిందికీ సర్దితే 14 శాతం వడ్లకు క్వింటా సుమారు 2,455 రూపాయలు వస్తుంది, 20 శాతానికి 2,283. తమిళనాడులో వానలు ముంచినప్పుడు కేంద్రమే కొన్నేళ్లు తేమ పరిమితిని 19, 20 దాకా సడలించింది. పరిమితి రాతి మీద గీత కాదని అక్కడే తేలింది. అలా సర్దితే తడిసిన వడ్లవాడు తిరిగి వెళ్లనక్కర్లేదు, తరుగు పేరుతో కోసేవాడికి సాకు ఉండదు, సహకార సంఘం పెట్టిన డ్రయ్యర్‌లో ఆరబెట్టినవాడికి నీళ్ల బరువుతో పోయే 83 రూపాయలు తిరిగొస్తాయి. ఆరబెట్టే ఖర్చు మాత్రం మిగిలే ఉంటుంది కాబట్టి డీజిల్ డ్రయ్యర్ నెట్టుకురావడం కష్టం. ఊక పొయ్యి పెట్టి, మిల్లుకు వడ్లు దించి తిరిగొచ్చే లారీలోనే ఊక తెప్పించుకుంటే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది.